నేను చదును చేసిన మెరక

నీళ్ళకు మెరక ఎక్కడం నేర్పబోయిన మనిషి ఉత్తరాంధ్రలో ఎవరైనా ఉన్నారా అని ఎప్పుడైనా మీకు అనుమానం వస్తే, విజయనగరం వచ్చి మా ఇంటి తలుపు తట్టండి. ఆ ఘనురాలిని నేనే. పార పట్టకుండా, గునపం ముట్టకుండా, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా ఒక ఊరి కాలవను నట్టేట ముంచాను. అదీ ఎవరి ఊరు? మా అత్తవారి ఊరు. అప్పటికి నా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మా అత్తగారు నాకు అన్నం వడ్డిస్తూ, ఇంకొంచెం వెయ్యమంటావా అని అడిగే రోజులవి. ఇప్పుడైతే గిన్నె నా ముందుకు తోసి తన పని తాను చూసుకుంటారు.

ఊరు శృంగవరపుకోట దాటాక కొండల కిందికి పోయే దారిలో ఉంది. పేరు చెప్పను. ఆ ఊళ్ళో నాకు ఇప్పటికీ మర్యాద ఉంది, దాన్ని అనవసరంగా కదిలించడం ఎందుకు?

నా ఉద్యోగం మ్యాపులు గీయడం. చేత్తో కాదు, కంప్యూటర్లో. సమోన్నత రేఖలని బళ్ళో చదువుకున్నారు, గుర్తుందా? పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయి ఉంటారు, ఫరవాలేదు, నేనూ అంతే. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీత అది. దాని వెంట నడిస్తే మీరు ఎక్కరు, దిగరు. కొండ అంచున కాలవ తవ్వాలంటే ఇంచుమించు ఆ గీత వెంటే, పిసరంత వాలు పెట్టుకుంటూ తవ్వాలి. ఈ గీతల కోసం నేను వాడేది ఆర్ అనే ప్రోగ్రాం. గణాంకాల వాళ్ళ కోసం పుట్టింది, మ్యాపుల వాళ్ళం కూడా దూరిపోయాం. పేరు ఆ ఒక్క అక్షరమే. మా అమ్మ చాలాకాలం అది మా ఆఫీసరు ఇనీషియల్ అనుకుని, ఆయన ఇంటిపేరు కనుక్కోమని నన్ను వేధించింది.

ఇక మా నాన్న. ఆయన డ్రాయింగు మాస్టారు. ఆయన లెక్కలో లోకంలో పాపాలు రెండే, గీత వణకడం, గీత అతకడం. చిన్నప్పుడు నేను మామిడికాయ బొమ్మ వేస్తే, కాయ వంపులో ఎక్కడైనా గంటు కనబడిందా, కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యమనేవారు. నిజం మామిడికాయకు గంట్లుంటాయి నాన్నా అంటే, అది చెట్టు తప్పు, నీ తప్పు కాదు, నువ్వు సరిగ్గా వెయ్యి అనేవారు. అలా పెరిగిన పిల్లను తీసుకొచ్చి ఒక ఊరి కాలవకు గీత గియ్యమన్నారు. ఇక జరగబోయేది మీరు ఊహించుకోవచ్చు, అయినా చెబుతాను.

మా మావయ్యగారు గౌరునాయుడు ఆ ఊరి చెరువు సంఘానికి పెద్ద. ఊరికి ఎగువన కొండ మీంచి ఒక గెడ్డ, అంటే కొండవాగు, వస్తుంది. వానాకాలంలో ఎర్రగా ఉరుముతూ వచ్చి, ఊరిని పలకరించి, ఒక్క చుక్క కూడా ఇవ్వకుండా వెళ్ళిపోతుంది. చెరువేమో సగం కూడా నిండదు. వరి నాటే ఉడుపుల వేళకు నారు పోసిన ఆకుమడులు పసుపుపచ్చగా తిరిగి, ఆకాశంకేసి చూస్తూ నిలబడేవి. గెడ్డకు అడ్డంగా చిన్న కట్టు కట్టి, అక్కడినుంచి చెరువుకు కాలవ తవ్వితే కష్టం తీరుతుందని ఊళ్ళో ప్రతివాళ్ళకూ తెలుసు. దగ్గరి దారి ఏదో కూడా తెలుసు. ఆ దారి సింహాద్రి బాబాయి మెట్ట చేలోంచి పోతుంది.

సింహాద్రి బాబాయి అంటే మా మావయ్యగారి చెల్లెలి భర్త. మంచి మనిషే. కానీ ఆ మధ్య జరిగిన ఒక పెళ్ళిలో ఆయన్ని మొదటి బంతిలో కూర్చోబెట్టకుండా రెండో బంతికి ఆపేశారు. సొంత బావ ఇంట పెళ్ళిలో, వియ్యంకుల ముందు, ఆకు ఖాళీ అయ్యేదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఆ తరవాత ఆయన మా గుమ్మం తొక్కలేదు. కాలవకు దారి ఇమ్మని సంఘం మనుషులు వెళ్ళి అడిగితే, చుట్ట నోట్లోంచి తీయకుండానే నేదు అన్నారట. అన్నట్టు ఆ పెళ్ళి నాదే.

కాబట్టి బాబాయి మెట్టను ముట్టుకోకుండా, దాని పై అంచున, కొండ పాదం వెంట చుట్టూ తిప్పి కాలవ తేవాలని సంఘం తీర్మానించింది. అందుకు ఎత్తులు తెలియాలి, మ్యాపు కావాలి. మావయ్యగారు కావిడి దించినంత తేలిగ్గా, ఆ పని మా కోడలు చూసుకుంటుందని ఊరందరి ముందూ చెప్పేశారు. ఆదివారాల్లో నేనూ మా ఆయనా ఆఫీసులో అడిగి తెచ్చుకున్న పరికరం పట్టుకుని కొండ అంచంతా తిరిగి ఎత్తులు కొలిచాం. మావయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకుని ముందు నడుస్తూ ముళ్ళకంపలు తొలగించేవారు. ఎవరెదురైనా ఆగి, కొలతలు తీస్తన్నాం అని చెప్పేవారు. ఆ మాటలో ఉన్న సంబరం చూస్తే నాకు భయం వేసేది.

కొలతలు ఆర్‌కు ఇచ్చాను. గీతలు వచ్చాయి. ఎలా వచ్చాయనుకున్నారు? కొండ పాదమంతా బుద్ధిగానే వచ్చి, జీడితోట దగ్గరికి రాగానే గీత ఒక్కసారి దిగువకు తన్నుకుని, ఎలుక కొరికిన రొట్టె అంచులా గంట్లుగంట్లుగా తిరిగి, మళ్ళీ పైకి వెళ్ళింది. ఆ తన్నుకున్న ముక్కు సరిగ్గా ఎక్కడికి పొడుచుకెళ్ళిందంటే, సింహాద్రి బాబాయి మెట్టలోకి. నేను జీడితోటలో నిలబడి చూసినదాన్నే. కంటికి అక్కడ అంతా చదునుగానే ఉంది. కాబట్టి తప్పు పరికరానిదే అని తీర్పు చెప్పేశాను. చెట్ల కింద పరికరం తడబడడం మామూలే. అంతకంటే పెద్ద కారణం ఏమిటంటే, ఆ గీత చూడ్డానికి బాగాలేదు.

ఆర్‌లో గీతలు నునుపు చేసే ఏర్పాటు ఒకటుంది. దానికి ఒక అంకె ఇవ్వాలి. అంకె పెంచేకొద్దీ ఒక్కో చోటు తన ఎత్తు తాను చెప్పడం మానేసి, చుట్టుపక్కల చోట్లను అడిగి, అందరి మాటా కలిపి సగటు చెబుతుంది. చిన్న అంకె ఇస్తే పక్కింటిని అడుగుతుంది. పెద్దది ఇస్తే వీధంతా అడుగుతుంది. ఇంకా పెద్దది ఇస్తే ఊరంతా తిరిగి అడిగొచ్చి, చివరికి తనకంటూ ఒక అభిప్రాయమే లేకుండా పోతుంది. కొత్త కోడలికి ఈ పద్ధతి ఎంత నచ్చుతుందో వేరే చెప్పాలా? ఆ ఇంట్లో నేను చేస్తున్నదీ అదే. చారు ఎలా ఉంది అని అడిగితే, ముందు అందరి మొహాలూ చూసి అప్పుడు బాగుందనేదాన్ని.

అంకె కొంచెం పెంచాను. గంట్లు తగ్గాయి. ఇంకొంచెం పెంచాను. ముక్కు లోపలికి ముడుచుకుంది. ఇంకా పెంచాను. ఆహా, ఏం గీతండీ అది! గెడ్డ దగ్గర బయలుదేరి చెరువు దాకా వంచిన చెరుకుగడలా, ఒక్క వణుకు లేకుండా, బాబాయి మెట్టను తాకకుండా దాని పక్కనుంచి మర్యాదగా తప్పుకుని వెళ్ళింది. మా నాన్నకు చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మెచ్చుకోవడమంటే అదే. గీతలోని వంకరా, చుట్టరికంలోని వంకరా ఒకే దెబ్బకు తీరిపోయాయని నేను పొంగిపోయాను.

మావయ్యగారు ఆ మ్యాపుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి టీ కొట్టు దాకా మోసుకెళ్ళారు. ఊరందరూ చూశారు. ఎవరికీ అర్థం కాలేదు, అందరికీ నచ్చింది. ఆ సాయంత్రం మావయ్యగారు నా దగ్గరికొచ్చి, తాపీమేస్త్రి దగ్గర నీళ్ళ గొట్టం ఉంటుంది, తవ్వేముందు జీడితోట కాడ ఒకసారి మట్టం సూసుకుందుమా అని మెల్లిగా అడిగారు. నేను నొచ్చుకున్నాను. నొచ్చుకున్నట్టు కనబడేలా నొచ్చుకున్నాను. ఇంత పెద్ద ప్రోగ్రాం లెక్క కట్టాక గొట్టం ఎందుకు మావయ్యా అన్నాను. ఆయన వెంటనే తల ఊపి, మరైతే ఒద్దులే అని వెళ్ళిపోయారు. నా మాట మీద ఆయనకున్న నమ్మకం అది. ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కాలవ తవ్వారు. గీత ఎలా చెబితే అలా, మోకాలి లోతున, జీడితోటలోంచి కూడా అదే లోతున తవ్వుకుంటూ పోయారు. తవ్వకం పూర్తయింది, వానలు పడ్డాయి, గెడ్డ వచ్చింది. మంచి ఆదివారం చూసుకుని కొబ్బరికాయ కొట్టి కట్టు దగ్గర నీళ్ళు వదిలారు. ఊరంతా నీళ్ళ ముక్కుతో పాటు నడిచింది. ఎండుటాకులను తోసుకుంటూ, నురగ కక్కుకుంటూ నీళ్ళు ముందు, మావయ్యగారు వాటి పక్కన, వెనక మేమంతా. ఎవరో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, నీ గీత సల్లగుండాల తల్లీ అన్నారు. నా జీవితంలో అంత గర్వంగా నడిచిన నడక మరొకటి లేదు.

జీడితోట వచ్చింది. నీళ్ళు నెమ్మదించాయి. తరవాత ఆగాయి. ఏదో మరిచిపోయి వచ్చిన మనిషిలా అక్కడే కాసేపు నిలబడ్డాయి.

"ఏటమ్మా, ఆగిపోనాది?" అన్నారు మావయ్యగారు.

"కొత్త కాలవ కదా మావయ్యా, నేల పీల్చుకుంటోంది."

"పీల్సుకుంటే తగ్గాల గదా. పెరుగుతన్నాది."

పెరుగుతూనే ఉంది. ముందుకు మాత్రం పోవడం లేదు. ఎందుకంటే ఆ జీడితోటలో కంటికి ఆనని మెరక ఒకటి, పడుకున్న గేదె వీపులా, నిజంగానే ఉంది. మోకాలి లోతున తవ్విన కాలవ ఆ వీపెక్కి దిగింది. నీళ్ళు ఎక్కలేవు కదా. నేను కొలిచిన చోట్లన్నీ అందరి మాటా అడిగి చదునుగా ఉందని చెప్పాయి గానీ, మెరక మాత్రం ఎవరినీ అడగకుండా తన చోట తాను ఉంది. చివరికి కాలవ దిగువ గట్టు ఒకచోట మెత్తబడి జారింది. నీళ్ళన్నీ ఒక్కసారి అటు తిరిగి, బిలబిలమంటూ సింహాద్రి బాబాయి మెట్టలోకి దిగిపోయాయి.

ఆయన తన గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. తమాషా చూడ్డానికే వచ్చి కూర్చున్నట్టున్నారు. నీళ్ళు పాదాల దాకా వచ్చాక లేచారు. ఆయన నీళ్ళకేసి చూశారు, మావయ్యగారికేసి చూశారు, నాకేసి కాస్త ఎక్కువసేపు చూశారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

కట్టు మూసేశాం. ఇంటికి వచ్చాక, అరుగు మీద నేను కంప్యూటర్ తెరిచి, ముందు వచ్చిన గంట్ల గీతను మావయ్యగారికి చూపించాను. దాయడానికి నాకు ధైర్యం చాలలేదు, చెప్పడానికి కూడా చాలలేదు, అందుకని చూపించాను. ఆయన ఆ గీత వెంట వేలు నడిపించి, జీడితోట దగ్గర ఆపారు.

"ఇక్కడ మెరకుందని ఇది ముందే సెప్పినాదన్నమాట."

"చెప్పింది మావయ్యా."

"మరెందుకు సెరిపీసినావమ్మా?"

"బాగాలేదని."

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "నాను ఊరికి మాటిచ్చినాను. ఆకుమడులు ఇంకెన్నాలో ఆగవు" అని మాత్రం అన్నారు, నన్ను ఒక్క మాట అనకుండానే. ఆయన అలా తల దించుకుని కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడడం. వంటింట్లోకి పోయి ఏడ్చాను. అత్తగారు ఉల్లిపాయలు నా ముందు పెట్టి, ఎలాగూ ఏడుస్తన్నావు గదా ఇయి తరిగీ అన్నారు. ఆ ఓదార్పు నాకు బాగానే పనిచేసింది.

మెరకను నిలువునా కోసేంత వ్యవధి లేదు, కాలవను దాని చుట్టూ తిప్పాలి. తిప్పాలంటే బాబాయి మెట్టలోంచి పోవాలి. అంటే నేను చెరిపేసిన ముక్కు ఎక్కడుందో సరిగ్గా అక్కడినుంచే. మావయ్యగారు ఆ గుమ్మం తొక్కరు, సంఘం వాళ్ళు తొక్కి వచ్చేశారు. తప్పు నాది కాబట్టి నేనే బయలుదేరాను. రెండు మ్యాపులూ చంకన పెట్టుకుని, దారిపొడుగునా మర్యాదైన వాక్యాలు కూర్చుకుంటూ వెళ్ళాను. బాబాయి వాకిట్లో మంచం మీద కూర్చున్నారు. ఆయన్ని చూడగానే నా వాక్యాలన్నీ ఎటో పారిపోయాయి. మ్యాపులు రెండూ పక్కపక్కన పరిచి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన చుట్ట పక్కన పెట్టి గంట్ల గీతను దగ్గరికి లాక్కున్నారు.

"ఈ వొంకర నా మెట్టలోకి వస్తాదేటి?"

"వస్తుంది బాబాయి."

"నీకు ముందే తెలుసు?"

"తెలుసు."

"తెలిసీ నన్నొక మాట అడక్కండా సెరిపీసినావు." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "మీ పెల్లిలోనూ అంతే సేసినారు. నాను అడ్డమనిపిస్తే పక్కకి జరిపీసినారు. అడిగితే నానే జరిగీవోన్ని కాదేటి?"

ఆ పెళ్ళిలో బంతులు వేసింది నేను కాదు, నేను పీటల మీద ఉన్నాను. కానీ కాలవ గీసింది నేనే. సంఘం వాళ్ళు వెళ్ళి అడిగినా అడగకపోయినా, ఇంటి కోడలిగా నేను ఒకసారి వచ్చి అడగాల్సింది. రాకుండా తప్పించుకోవడానికి నాకు ఒక అంకె దొరికింది, అంతే. తప్పయింది బాబాయి అన్నాను. ఆయన లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించారు. నేను తాగేదాకా చూసి, అప్పుడు చెప్పారు.

"నా మెట్ట ఇలాగ తడవడం మా అయ్య కాలంలో కూడా నాను సూడనేదు. కాలవ రానీ. కానీ రెండు మాటలు. నా సేనుకి నీల్లు వొదుల్కోడానికి ఒక మదుము పెట్టాల. ఇంకోటి, ఈ వొంకరుంది సూడు, ఇది ఇలగే ఉండాల. పిసరు తగ్గించినా ఒప్పుకోను. బావకి కూడా సెప్పీ."

మర్నాటినుంచే మళ్ళీ తవ్వారు. ఈసారి మేస్త్రి నీళ్ళ గొట్టం నేనే పట్టుకున్నాను. మెరక చుట్టూ, గంట్లు గంట్లుగా, ఎలుక కొరికిన రొట్టె అంచు వెంట కాలవ తిరిగింది. నీళ్ళు ఏ మలుపు దగ్గరా ఆగి ఆలోచించలేదు. చెరువులోకి దూకిన చప్పుడు విని మావయ్యగారు గట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. కాసేపటికి బాబాయి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు, చుట్ట మాత్రం ఒకటే ఇటూ అటూ మారింది. ఆ ఏడు ఉడుపులు వేళకు పడ్డాయి.

నునుపు చేయడం నేరం కాదండీ. ఇప్పటికీ రోజూ చేస్తాను. పరికరాలు తడబడతాయి, చేతులు వణుకుతాయి, ఆ వణుకు గీతలోంచి తీసెయ్యాలి. ఏ గంటు పరికరానిదో, ఏది భూమిదో ఆర్ చెప్పదు. అది తెలియాలంటే వెళ్ళి అక్కడ నిలబడాలి, ఆ చోటు ఎవరిదో వాళ్ళను అడగాలి. నాకు ఇది చెప్పడానికి ఊరంతా ఒక కాలవ దండగగా తవ్వాల్సి వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఈ మధ్య ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మా అత్తవారి ఊరికి పక్క ఊరివాళ్ళు. గౌరునాయుడు కోడలు ఎవరని అడుగుతూ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, పనసపండు ఒకటి కింద పెట్టారు. సింహాద్రి పంపాడని చెప్పారు. వాళ్ళ ఊళ్ళోనూ కాలవ తగువుందట, ఒకాయన దారివ్వడం లేదట. మా ఆఫీసరు కూడా వినడానికి కుర్చీ ఇటు జరుపుకున్నారు. నేను కొలతలకు ఎప్పుడు రమ్మంటారని అడిగాను.

"కొలతలు ఒద్దమ్మా. మంచి మ్యాపు మా కాడ ఉన్నాది" అన్నారు పెద్దాయన, చాలా వినయంగా. "ఆ తప్పుది కావాల. ఆడి సేలోకి నీల్లెల్లీలాగ ఒకటి గీసిపెట్టు. మీ బాబాయి అలగే మెత్తబడ్డాడంట గదా."

మా ఆఫీసరు మొహం నేను చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది. వాళ్ళకు టీ ఇప్పించి, మ్యాపు బదులు సింహాద్రి బాబాయినే తీసుకెళ్ళమని చెప్పాను. మొండివాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆయనకంటే తెలిసినవాళ్ళు లేరు. తరవాత తలుపు వేసుకుని, ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి పనసపండు మీద పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక ఏ మెరకనూ, ఏ గుంటనూ, ఏ బాబాయినీ అందం కోసం చదును చేయను. చేస్తే, నా ఇంట జరిగే ప్రతి పెళ్ళిలోనూ నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టండి.